గుడ్డ తప్పా, కుట్టు తప్పా? రేడియోలో కచేరీ వినే పద్ధతి

నేను లేడీస్ టైలర్ని. విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక సందులో నా కొట్టు. సంగీతం నేర్చుకోలేదు. సరళీ స్వరాలు కూడా తిన్నగా పాడలేను. కానీ ముప్ఫయ్యేళ్ళ పైబడి రేడియోలో కర్ణాటక సంగీతం వింటున్నాను. మిషను తొక్కుతూ కచేరీ వినడం కుదరదు, ఆ చప్పుడులో ఏదీ తెలీదు. అంచేత చేతిపనంతా, అంటే చీర ఫాల్సు, హెమ్మింగు, హుక్సు, కాజాలు, కచేరీ వేళకి దాచిపెట్టుకుంటాను. అరగంట కచేరీకి ఒక ఫాల్ ముప్పాతిక వంతు అవుతుంది. తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం) ఉంటే సూది వేగం పెరిగిపోయి కుట్లు దూరం దూరం పడతాయి. అప్పుడు పని ఆపేసి చేతులు కట్టుకుని కూచుంటాను.

వినడం వేరు, విమర్శగా వినడం వేరు అని నాకు చెప్పినాయన ఒక వయొలిన్ మేష్టారు. ఆయన మొదటిసారి మా కొట్టుకొచ్చింది బట్టలు కుట్టించుకోడానికి కాదు, దారం కోసం. తంబురా గుర్రం (తీగలు ఆనే చెక్క) మీద, తీగ కింద సన్నటి దారం ముక్క పెడతారు. అది సరిగ్గా ఉండాల్సిన చోట ఉంటేనే తీగ జుమ్మని పలుకుతుంది. దాన్ని జీవ అంటారు. నా దగ్గరున్న నాలుగు రకాల దారాలూ వేళ్ళ మధ్య నలిపి చూసి, ఒకటి తీసుకుని, డబ్బులిస్తే నేను పుచ్చుకోలేదు. ఆ టైములో రేడియోలో ఎవరో కల్యాణి పాడుతున్నారు. "ఎలా ఉందయ్యా?" అనడిగారు. "బావుందండి" అన్నాను. "జాకెట్టు బావుందంటే నువ్వు ఒప్పుకుంటావా? మెడ బావుందా, చంక దగ్గర పట్టేసిందా, చెప్పమనవూ?" అన్నారు. నా మొహం మాడిపోయింది. అప్పట్నుంచి ఆయన పోయేదాకా, సాయంత్రాలు వీలైనప్పుడల్లా మా కొట్టు బల్ల మీద కూచుని నాతో కలిసి వినేవారు. ఇక్కడ రాస్తున్నదంతా ఆయన చెప్పిందీ, నేను పడుతూ లేస్తూ తెలుసుకున్నదీ.

జాకెట్టు సరిగా రాకపోతే తప్పు రెండిట్లో ఒకటి. గుడ్డదైనా అయ్యుండాలి, కుట్టుదైనా అయ్యుండాలి. ఉతగ్గానే కుంచించుకుపోయే గుడ్డ తెచ్చి టైలర్ని తిడితే అన్యాయం. రేడియో కచేరీకీ అదే లెక్క. పాడేవాళ్ళకీ మన చెవికీ మధ్య మైకు, స్టూడియో, ట్రాన్స్‌మిటర్, మన డొక్కు సెట్టు ఇన్ని ఉన్నాయి. వీటివల్ల వచ్చే లోపం గుడ్డ తప్పు. కళాకారుడిది కుట్టు తప్పు. ముందు ఇది విడదీయడం చేతనైతే సగం విమర్శ వచ్చినట్టే. నాకు చేతకాక ఒకసారి పరువు పోగొట్టుకున్నాను. ఒకాయన మృదంగం గురించి "ఎడమచెయ్యి అసలు లేదు, అంతా కుడి పక్కే టకటకలాడిస్తున్నాడు" అని నలుగురిలో అనేశాను. మేష్టారు ఏమీ అనకుండా మర్నాడు తమ ఇంటికి తీసుకెళ్ళి, ఆ కచేరీనే తన పెద్ద స్పీకరు సెట్టులో రికార్డు చేసినది వినిపించారు. ఎడమ పక్క గుంకారం గది నిండా ఉంది. మృదంగానికి ఎడమ పక్కన తడిపిన రవ్వ ముద్ద అంటించి లోతైన నాదం తెప్పిస్తారు. నా అరచెయ్యంత స్పీకరుకి ఆ నాదాన్ని పలికే శక్తే లేదు. తప్పు నా సెట్టుది, తిట్లు ఆయనకి.

అంచేత మొదటి పని సెట్టు సంగతి. మా ఊళ్ళో విశాఖపట్నం కేంద్రం మీడియం వేవ్‌లో బాగానే వస్తుంది. చాలామంది మీడియం వేవ్ వింటూ పైన ఏరియల్ కడ్డీ లాగుతారు. ఆ కడ్డీ ఎఫ్‌ఎమ్‌కి పనికొస్తుంది గానీ మీడియం వేవ్‌కి కాదు. దీనికి ఏరియల్ సెట్టు లోపలే ఉంటుంది, నల్లటి ఫెర్రైట్ కడ్డీ మీద చుట్టిన తీగ. అది ఏ వైపు తిరిగి ఉందన్నదాన్ని బట్టి స్టేషను గట్టిగానో మెల్లగానో వస్తుంది. అంచేత సెట్టునే బల్ల మీద పెట్టి గడియారం ముల్లులా నెమ్మదిగా తిప్పండి. ఎక్కడ స్పష్టంగా వస్తే అక్కడ సుద్దముక్కతో గీత గీసుకోండి. మా కొట్లో ఆ గీత ఇప్పటికీ ఉంది. ఎల్‌ఈడీ బల్బు, ఫోను ఛార్జరు, ఇన్వర్టరు పక్కన పెట్టకండి, బుర్రుమంటుంది. కుట్టుమిషను మోటారు మరీ ఘోరం, లోపల బొగ్గు బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు పడతాయి కదా, ఒక్కో రవ్వా రేడియోలో ఒక్కో చిటపట. కరెంటు పోయినప్పుడు సెల్సు మీద నడిచే రేడియో ఎంత శుభ్రంగా పాడుతుందో! కరెంటు పోతే మా సందులో సంతోషించే మనిషిని నేనొక్కణ్ణే.

మీడియం వేవ్‌లో ఒక స్టేషనుకీ ఇంకో స్టేషనుకీ మధ్య 9 కిలోహెర్ట్జ్‌ల ఎడమే. ఆ ఇరుకులో సర్దడానికి సన్నటి ధ్వనులు, సుమారు నాలుగున్నర కిలోహెర్ట్జ్ పైన ఉన్నవి, కత్తిరించుకుపోతాయి. ఎఫ్‌ఎమ్‌లో 15 దాకా వస్తాయి. దీనివల్ల ఏం పోతుందంటే తంబురా జీవలో మెరుపు, మృదంగం మీద చాపు అనే దెబ్బలో జిగి, "స", "శ" లాంటి అక్షరాల మొన. ఇవి వినపడలేదని ఎవరినీ నిందించకండి. రాత్రి దూరం స్టేషన్లు పట్టుకుని వింటే గొంతు మధ్యలో మునిగి తేలుతూ ఉంటుంది, అదీ గుడ్డ తప్పే.

మరి రేడియో ఏం పాడుచెయ్యలేదు? శ్రుతి పాడుచెయ్యలేదు. సెట్టు ఎంత చెత్తదైనా, సెల్సు ఎంత నీరసపడ్డా, స్వరస్థానం కదలదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. టేప్‌రికార్డరు అయితే సెల్సు తగ్గితే నెమ్మదిస్తుంది, శ్రుతి దిగిపోతుంది. కానీ అప్పుడు కూడా గొంతుతో పాటు తంబురా కూడా దిగుతుంది కాబట్టి వాటి మధ్య దూరం అలాగే ఉంటుంది. గాయకురాలు పై షడ్జం (స) అందుకుని, అది తంబురాలో కలవకుండా వెంట్రుకవాసి కింద నిలబడిందంటే అది నూటికి నూరుపాళ్ళు కుట్టు తప్పు. తాళం, సాహిత్యం, రాగం కూడా అంతే. రేడియో వీటిని మార్చలేదు. మీ విమర్శ వీటి మీద పెట్టండి.

శ్రుతి తెలియాలంటే ఏం చెయ్యాలి? ప్రోగ్రాం మొదలవగానే, అనౌన్సరు మాట ఆగాక, గాయకుడు నోరు విప్పకముందు రెండు మూడు క్షణాలు తంబురా ఒక్కటే వినపడుతుంది. చాలామంది అప్పుడు వాల్యూం సరిచేసుకుంటూ ఉంటారు. ఆ క్షణాలు పారేసుకోవద్దు. తంబురా పంచమం (ప), షడ్జం, షడ్జం, కింది షడ్జం, ఇలా నాలుగు తీగలు మీటుతుంది. ఆ షడ్జాన్ని పెదాలు మూసుకుని ముక్కుతో పట్టుకోండి, మ్మ్ అని. పాట మధ్యలో ఎక్కడ అనుమానం వచ్చినా ఆ మ్మ్ దగ్గరికి వెళ్ళి చూసుకోవచ్చు. నేను కొలత టేపు మెడలో వేసుకుని తిరిగినట్టు అన్నమాట.

తర్వాత తాళం. ఆదితాళం వేళ్ళ మీద వేయడం ఎవరైనా ఒక్క పూటలో నేర్చుకోవచ్చు. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు. ఆపైన దెబ్బ, ఉసి (అరచెయ్యి తిప్పడం). మళ్ళీ దెబ్బ, ఉసి. మొత్తం ఎనిమిది. కానీ అన్నీ ఆదితాళమే అనుకుంటే నాలాగ బోల్తా పడతారు. త్యాగరాజు "నిధి చాల సుఖమా" వస్తుంటే నేను ధీమాగా ఎనిమిది లెక్కపెడుతున్నాను. తాళం రెండో చుట్టుకే ఎక్కడో జారిపోయాను. గాయకుడే తాళం తప్పాడేమో అనుకున్నాను, సిగ్గుమాలిన ధైర్యం! అది మిశ్రచాపు, ఏడు. తకిట తకధిమి, మూడూ నాలుగూ. ఖండచాపు అయితే తక తకిట, అయిదు. మేష్టారు ఒక కిటుకు చెప్పారు. ముందే ఏ తాళమో నిర్ణయించుకోవద్దు, ఊరికే మోకాలి మీద సమంగా తడుతూ ఉండు, పల్లవి మొదటి మాట తిరిగి వచ్చేసరికి ఎన్ని తట్టావో చూడు అని. మూడుసార్లు అదే లెక్క వస్తే అదే తాళం. ఇంకో సంగతి, చాలా పల్లవులు సరిగ్గా మొదటి దెబ్బ మీద ఎత్తుకోవు. దెబ్బ పడ్డాక కాస్త ఆగి ఎత్తుకుంటారు. దాన్ని ఎడుపు అంటారు. స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడడం) ఎన్ని మెలికలు తిరిగినా చివరికి సరిగ్గా ఆ ఎడుపు మీదే వచ్చి వాలాలి. రేడియోలో ఇది చూడ్డం మహా సరదా. గాయకుడి చెయ్యి కనిపించదు కాబట్టి మీ చెయ్యే సాక్షి.

రాగం పేరు అనౌన్సరు ముందే చెప్పేస్తారు. అది మనకి కొంత నష్టం. నేనైతే రాగం పేరు చెప్పే చోట వాల్యూం తగ్గించేసి, ఆలాపన (మాటల్లేకుండా రాగం పాడడం) సగమయ్యాక నా ఊహ ఏదో రాసుకుని, చివర్న మళ్ళీ చెప్పినప్పుడు సరిచూసుకునేవాణ్ణి. మొదట్లో పదికి రెండు కుదిరేవి. రాగాలన్నీ ఒకేసారి పట్టుకోవాలనుకోవద్దు. ముందు మధ్యమం (మ) ఒక్కటి పట్టుకోండి. శంకరాభరణం, కల్యాణి రెండిటికీ మిగతా స్వరాలన్నీ ఒకటే. మధ్యమం మాత్రం శంకరాభరణంలో శుద్ధ మధ్యమం, కల్యాణిలో ఒక మెట్టు పైనుండే ప్రతి మధ్యమం. ఆ ఒక్క మెట్టు మారితే ఇంటి ముఖమే మారిపోతుంది. ఈ తేడా చెవికి అలవాటయ్యాక స్వరాలు తక్కువగా ఉన్న రాగాలు వినండి. మోహనంలో మధ్యమం, నిషాదం ఉండవు. హిందోళంలో రిషభం, పంచమం ఉండవు. అసలు పరీక్ష ఆరభి, దేవగాంధారి. కాగితం మీద ఆరోహణ, అవరోహణ (స్వరాలు ఎక్కే, దిగే వరస) రెండిటికీ ఒకటే! "సాధించెనే" ఆరభి, "క్షీరసాగర శయన" దేవగాంధారి, రెండూ త్యాగరాజువే. ఆరభి చకచకా నడుస్తుంది, స్వరాలు నిక్కచ్చిగా పడతాయి. దేవగాంధారి తాపీగా, స్వరాన్ని ఊపుతూ, సాగదీస్తూ పోతుంది. స్వరాలు లెక్కపెట్టే మనిషి ఇక్కడ ఓడిపోతాడు. నడక చూసే మనిషి గెలుస్తాడు. ఒకే గుడ్డలో, ఒకే కొలతలతో ఇద్దరు టైలర్లు కుట్టిన రెండు జాకెట్లు చూశారా? అలాగ.

ఇక సాహిత్యం. ఇక్కడ తెలుగువాళ్ళకి పుట్టుకతో వచ్చిన హక్కు ఉంది, దాన్ని వాడుకోవాలి. త్యాగరాజు తమిళనాడు తిరువయ్యారులో ఉండి రాశారు, పాడేవాళ్ళలో చాలామందికి తెలుగు ఇంటి భాష కాదు. నాకు వాళ్ళ మీద కోపం లేదు. రాని భాషలో అంత నేర్చుకున్నందుకు దండం పెట్టాలి. కానీ మాట విరిగితే అర్థం విరుగుతుంది. "మోక్షము గలదా భువిలో జీవన్ముక్తులు గాని వారలకు" అన్న పల్లవి చూడండి. జీవన్ముక్తులు, అంటే బతికుండగానే ముక్తి పొందినవాళ్ళు, కానివాళ్ళకి మోక్షం ఉందా అని ప్రశ్న. "జీవన్ముక్తులు" దగ్గర ఊపిరి తీసుకుని ఆగిపోతే, మోక్షం జీవన్ముక్తులకే లేదన్నట్టు అవుతుంది. అలాగే "నిధి చాల సుఖమా"లో "మమత బంధన యుత నర స్తుతి సుఖమా" అన్న చోట చాలామంది నెరవు చేస్తారు. అదే లైను పదిసార్లు తిప్పి తిప్పి పాడతారన్నమాట. అందులో ఒక్కసారైనా "బంధనయు, తనర" అని విరిచారేమో గమనించండి. "యుత" అంటే కూడుకున్న, "నర స్తుతి" అంటే మనిషిని పొగడ్డం. తప్పు విరుపు మొదటిసారి పొరపాటు అనుకోవచ్చు. ఆరోసారి కూడా అక్కడే విరిగితే అర్థం తెలీకుండా పాడుతున్నారన్నమాట. అయితే తెలుగువాళ్ళమని మనం మీసం మెలేయనక్కర్లేదు. మనవాళ్ళే మాటలు మింగేస్తూ పాడగా నా పుస్తకంలో ఎన్నిసార్లు రాసుకున్నానో.

వయొలిన్ గురించి మా ఊరివాడు నాలుగు మాటలు ఎక్కువ చెప్పకపోతే బావుండదు. ఇక్కడి సంగీత కళాశాల 1919లో మొదలైంది. మొదటి ప్రిన్సిపాలు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే వయొలిన్ నేర్పారు, తర్వాత ఆయనే ప్రిన్సిపాలు అయ్యారు. ఘంటసాలగారు పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర నేర్చుకున్నదీ ఆ కాలేజీలోనే. అంచేత మా ఊళ్ళో పాన్‌షాపు దగ్గర కూడా వయొలిన్ గురించి అభిప్రాయం ఉంటుంది. మేష్టారు నాకు పెట్టిన మొదటి అభ్యాసం ఇది. ఒక కచేరీ మొత్తం గాయకుణ్ణి వినవద్దు, వయొలిన్ ఒక్కటే విను అన్నారు. ఎంత కష్టమో మీరు చేసి చూడండి. గాయకుడు ఒక సంగతి (పాట లైనుని ఒక కొత్త మలుపుతో పాడడం) ముగించగానే వయొలిన్ ఆ తోకని పట్టుకుని లాగుతుంది. మంచి వయొలినిస్టు తోక ఒక్కటే పట్టుకుంటాడు, గాయకుడి నెత్తి మీదెక్కడు. తర్వాత ఆలాపనలో తన వంతు వచ్చినప్పుడు గాయకుడు చెప్పిందే చెప్పాడా, తనదంటూ ఒక్క మాటైనా కలిపాడా? గాయకుడు పది నిమిషాలు పాడితే ఆయన అయిదు నిమిషాల్లో సారం తీశాడా, లేక అంతకంటే పొడుగు లాగాడా? మీడియం వేవ్‌లో వయొలిన్ బాగానే పలుకుతుంది కాబట్టి గుడ్డ తప్పు అని తప్పించుకునే వీలు తక్కువ. వీణ మాత్రం వేరు. మా పక్కనే బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చేస్తారు. పక్కన కూచుని విన్నప్పటి వీణ నాదం చిన్న సెట్టులో సగం కూడా రాదు. వీణ కచేరీ వింటే నాదం మీద తీర్పు చెప్పకండి, గమకం (స్వరాన్ని ఊపే తీరు) మీద చెప్పండి.

పాళ్ళు చూడ్డం కూడా మర్చిపోవద్దు. రేడియోలో టైము కత్తెర లాంటిది. అరగంట ఇస్తే దాంట్లో ఏం సర్దారన్నదే వాళ్ళ తెలివి. చిన్న వర్ణం, ఒక కృతి, ఒక పెద్ద రాగం కొంచెం విప్పి, ఇలా చేసినవాళ్ళంటే నాకు ఇష్టం. పావుగంటలో మూడు కృతులు తరుముకుపోయేవాళ్ళంటే విసుగు. గజం గుడ్డలో చొక్కా, లాగూ, టోపీ కుట్టమన్నట్టు. ఆకాశవాణి సంగీత సమ్మేళనం కచేరీలు అయితే జనం ముందు చేసి ప్రసారం చేస్తారు, చప్పట్లు వినపడతాయి. చప్పట్లకి మోసపోకండి. పై స్థాయిలో గొంతు చించుకున్న ప్రతిసారీ చప్పట్లు పడతాయి.

అన్నట్టు, ఆకాశవాణి కళాకారులకి ఆడిషన్ పెట్టి బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడులు ఇస్తుంది. కొందరు అదేదో తెలుసుకుని దాన్ని బట్టి తలూపుతారు. మేష్టారు ఆ సంగతి ఎత్తనిచ్చేవారు కాదు. "గ్రేడు పోయినేడుది, పాట ఈ పూటది" అనేవారు.

ఇప్పుడు మా అబ్బాయి ఫోనులో రాగం ఛానల్ పెట్టిస్తున్నాడు. ఆకాశవాణి వాళ్ళే 2016 జనవరి 26న మొదలెట్టారు, రోజంతా శాస్త్రీయ సంగీతమే, న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో వస్తుంది. బుర్రుమనదు, చిటపట లేదు, తంబురా జీవ చక్కగా వినపడుతుంది. కానీ సిగ్నలు తగ్గితే మధ్యలో ఆగి మళ్ళీ మొదలవుతుంది. అక్కడ తాళం తెగుతుంది. ఆ తెగిన చోట లెక్క పోతే మృదంగం మీద నెపం వేయకండి. గుడ్డ మారింది, గుడ్డ తప్పు కూడా కొత్తది వచ్చింది, అంతే.

రాసుకోవడం తప్పనిసరి. నేను పాత కొలతల పుస్తకం వెనక పేజీలు వాడతాను. ముందు వైపు నడుము, ఛాతీ, చేతి పొడుగు. వెనక వైపు తారీకు, రాగం నా ఊహ, అసలు రాగం, తాళం, ఒక మంచి, ఒక తప్పు. తప్పు పక్కన "గు" అనో "కు" అనో ఒక్క అక్షరం. మొదటి ఏడాది పేజీలు ఇప్పుడు చూసుకుంటే నవ్వొస్తుంది. నేను "కు" అని రాసినవాటిలో సగం "గు" అవ్వాలి. మంచి అన్న గడి ఖాళీగా వదలకూడదని మేష్టారి షరతు. ఎంత చెడ్డ కచేరీలోనైనా ఒక్క మంచి వెతికి రాయాల్సిందే. ఒకసారి ఏదీ దొరక్క "టైముకి ఆపేశాడు" అని రాశాను. అది ఒప్పుకున్నారు.

ఈ వారం పేజీలో ఒక గడి ఇంకా ఖాళీగానే ఉంది. గురువారం రాత్రి ఒకావిడ చిన్న ఆలాపన చేసింది. ఆరభి అని రాశాను, కొట్టేసి దేవగాంధారి అని రాశాను. చివర్న రాగం పేరు మళ్ళీ చెప్పేలోపు ఒకమ్మగారు వచ్చి "ఏటి బాబూ, నా జాకెట్టు అయిందేటి?" అని కేకేసింది. అవలేదు. ఆవిడ జాకెట్టూ అవలేదు, నా గడీ నిండలేదు.